మహాద్వారమందలి గునపము

తిరుమల శ్రీవారి ఆలయ మహాద్వారమును దాటి లోనికి పోవు భక్తులలో పలువురు గోవింద నామమును స్మరించుచు, చూపును ధ్వజస్తంభము వైపునకే నిలిపి సాగిపోవుదురు. ప్రక్కగోడ వైపు తల యెత్తి చూచువారికి మాత్రము అచట వ్రేలాడు ఒక యినుప గునపము కనబడును. అది యుద్ధమునకు వాడు ఆయుధము కాదు, స్వామికి అలంకరించు ఆభరణమును కాదు. మట్టిని త్రవ్వు పనిముట్టు. వెండివాకిలికిని బంగారువాకిలికిని ముందుగా, జగన్నాథుని యింటి మొదటి గుమ్మమున, ఒక తోటమాలి పనిముట్టు ఏల నిలిచినది? దాని కథ వైష్ణవ గృహములందు చిన్నబిడ్డలకును తెలిసినదే. అయినను ప్రజల సేవలో దినదినము నలిగిపోవు ఉద్యోగులకు మిక్కిలి ఉపకరించు విషయమొకటి ఆ కథలో కలదు. అది విచారింపదగినది.

సంప్రదాయము చెప్పు వృత్తాంతమిది. శ్రీరంగమున భగవద్రామానుజులు శిష్యులకు తిరువాయ్‌మొళి యర్థమును ప్రవచించుచు, తిరుమలకు పోయి శ్రీనివాసునకు పుష్పకైంకర్యము చేయగలవారెవరని యడిగిరి. ఆ దినములలో ఆ కొండ చలికిని, అడవికిని పేరుపడినది. సభయంతయు ఊరకుండగా అనంతాళ్వారు లేచి తాను పోయెదనని విన్నవించెను. ఆచార్యులు సంతసించి ఆశీర్వదించి పంపిరి. ఆయన భార్యాసమేతుడై తిరుమల చేరి పూదోటను పెంచుటకు పూనుకొనెను. తోటకు నీరు కావలెను. నీటికి చెరువు కావలెను. భర్త గునపముతో నేలను త్రవ్వుచుండగా, గర్భవతియైన భార్య ఆ మట్టిని తట్టల కెత్తుకొని దూరమునకు మోసి పోయుచుండెను.

ఒకనాడు బాలుడొకడు వచ్చి తానును మట్టి మోసెదనని యడిగెను. ఇది గురువు తనకు అప్పగించిన పని యనియు, ఇందు అన్యుల సాయము కూడదనియు చెప్పి అనంతాళ్వారు వానిని పంపివేసెను. బాలుడు పోయినట్లే పోయి, చాటున నిలిచి, ఆ తల్లి పడు శ్రమను చూడలేక ఆమె చేతి తట్టను అందుకొని మోయసాగెను. తట్ట వెంటవెంటనే తిరిగివచ్చుట చూచి భర్తకు అనుమానము కలిగెను. సంగతి తెలిసినంతనే కోపము పట్టలేక చేతిలోని గునపమును బాలునిపై విసరెను. అది వాని గడ్డమునకు తగిలెను. నెత్తురు కారుచుండగా బాలుడు పరుగెత్తి ఆలయమున అదృశ్యుడయ్యెను. అర్చకులు చూచునప్పటికి గర్భాలయమున స్వామి గడ్డమునుండి రక్తము స్రవించుచుండెను. తాను కొట్టినది ఎవరినో గ్రహించిన అనంతాళ్వారు కూలబడి విలపించి, గాయముపై పచ్చకర్పూరము అద్దెను. నేటికిని స్వామి గడ్డముపై కర్పూరము నుంచుట ఆనాటి గుర్తే యని పెద్దలు చెప్పుదురు.

ఈ కథను చెప్పువారు సాధారణముగా స్వామి సౌలభ్యమును, భక్తుని దీక్షను కొనియాడి ముగింతురు. అది యుక్తమే. కాని ఒక ప్రశ్న మిగిలియుండును. అనంతాళ్వారు సోమరి కాడు, దుష్టుడు కాడు. అందరును వెనుదీసిన సేవకు ఒక్కడే ముందుకు వచ్చినవాడు. కొండనుండి తెచ్చుకొన్న ప్రసాదపు మూటలో చీమలు కనబడగా, తిరుమలను ఆశ్రయించిన ఆ జీవులను అచటినుండి వేరు చేయరాదని మరల వెనుకకు కొండయెక్కి వానిని విడిచివచ్చెనని కూడ ఆయనను గూర్చి చెప్పుదురు. చీమయెడ అంతటి దయ గలవాడు బిడ్డపై గునపమును ఏల విసరెను? సేవ చేయుటకే వచ్చినవాని చేత, ఆ సేవలోనే, ఒకరు గాయపడుట ఎట్లు సంభవించెను?

గుమ్మము వద్ద నిలిచినవారు

ఈ ప్రశ్న ఆనాటితో ముగిసినది కాదు. ప్రభుత్వాసుపత్రిలో రాత్రి డ్యూటీ చేయు నర్సు, కిక్కిరిసిన బస్సులో టికెట్టు ఇచ్చు కండక్టరు, కిటికీ వెనుక కూర్చున్న గుమాస్తా, ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్త — వీరందరును ప్రజాసేవ యను భవనమునకు గుమ్మము వంటివారు. ప్రజలు ప్రభుత్వమును కన్నులార చూడరు, వీరినే చూతురు. నిర్ణయములు చేయువారు లోపల నుందురు. ఆ నిర్ణయముల ఫలితమును ఎదుర్కొనువారు వాకిట నుందురు. మందు నిండుకొనుట నర్సు చేసిన తప్పు కాదు; కాని మందు లేదను మాటను రోగి తల్లికి చెప్పవలసినది ఆమెయే. బస్సులు చాలకపోవుట కండక్టరు లోపము కాదు. కాని నిలువ చోటులేని ప్రయాణికుని విసుగును వినవలసినది అతడే.

తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీని, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15వ తేదీని, కొన్ని తరగతుల ఆర్.టి.సి. బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము ఆరంభమైనది. కూలికి పోవు స్త్రీకి, ఆసుపత్రికి పోవు ముసలమ్మకు, కళాశాలకు పోవు బాలికకు అది గొప్ప ఆసరా. దానితోపాటు బస్సులలో జనమును పెరిగినది. కండక్టరు ఆ జనము నడుమ త్రోవ చేసికొని పోవలెను; గుర్తింపు కార్డు చూడవలెను; డబ్బు లేని టికెట్టునైనను లెక్కప్రకారము ఈయవలెను; తక్కినవారికి చిల్లర సరిచూడవలెను; ఫుట్‌బోర్డుపై వ్రేలాడు విద్యార్థిని లోనికి పిలువవలెను; ఇదియంతయు తరువాతి స్టేజి రాకమునుపే ముగియవలెను. పథకము ఎంత మంచిదైనను దాని బరువు తుదకు ఎవరో ఒకరి భుజముపై నిలుచును.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఏర్పడిన ఆశా కార్యకర్తల స్థితి మరియొక విధము. ఆమె తానుండు ఊరిలోనే పనిచేయును. కావున పనికి మొదలు, తుది యనునవి స్పష్టముగా నుండవు. నడిరేయి నొప్పులు మొదలైన యింటివారు ఆమె తలుపే తట్టుదురు. ఆమెకును ఇల్లు కలదు, జ్వరపడిన బిడ్డ యుండవచ్చును. అయినను లేచి పోవలెను.

ఇట్టి యుద్యోగుల జీవనమును మైకేల్ లిప్‌స్కీ యను అమెరికా రాజనీతిశాస్త్రవేత్త 1980లో ప్రచురించిన గ్రంథమున విచారించెను. పాఠశాలలలో, పోలీసుశాఖలో, సంక్షేమ కార్యాలయములలో ప్రజల ఎదుట నిలిచి పనిచేయువారి కష్టమునకు మూలమును ఆయన ఇట్లు గుర్తించెను: వచ్చువారి యవసరములు ఎల్లప్పుడును చేతనున్న సాధనముల కంటె అధికము. సేవ మెరుగుపడిన కొలదియు వచ్చువారి సంఖ్యయు పెరుగును. అందువలన పని యెన్నడును ముగిసినట్లు తోపదు. తవ్విన కొలదియు నేల మిగులు చెరువు వంటిదే ఆ పని.

లోలోపల కాలిపోవుట

ఓర్వరాని కర్తవ్యము ఎదుట నిలిచిన మనుష్యుని దేహము ఎట్లుండునో గీత మొదటి యధ్యాయముననే కలదు. అర్జునుడంతటి వీరునకు అవయవములు పట్టుతప్పినవి, నోరు ఎండినది, గాండీవము చేతినుండి జారినది, మనస్సు గిరగిర తిరిగినది. ఇది నేటి యుద్యోగులకు తెలియని స్థితి కాదు. కిటికీ ఎదుట వరుస పెరుగుచుండగా గుండె దడదడ కొట్టుకొనుట, ఇంటికి పోయినను నిద్ర రాకుండుట, చిన్నమాటకే కన్నీరో కోపమో పొంగుట వారు ఎరిగినవే. భగవానుడు అర్జునుని నోరు మూయింపలేదు. ఆ వేదననంతయు చెప్పుకొననిచ్చి, పిదపనే మందలించి, బోధింప మొదలిడెను. దుఃఖమును చెప్పుకొనుటకు చోటు దొరకుట చికిత్సలో మొదటి మెట్టని దీనివలన తెలియును.

1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్త్వశాస్త్రవేత్త న్యూయార్క్ నగరమున ఉచిత వైద్యశాలలలో పనిచేయువారిని గూర్చి వ్రాయుచు, మొదట ఎంతయో ఉత్సాహముతో వచ్చినవారే క్రమముగా లోలోపల కాలి బూడిదయగుటను వర్ణించెను. పిదప క్రిస్టీనా మాస్‌లాక్ అను శాస్త్రవేత్త ఈ స్థితికి మూడు లక్షణములను చెప్పెను. మొదటిది, మనస్సు పూర్తిగా అలసిపోవుట. రెండవది, ఎదుట నున్నవారిని మనుష్యులుగా గాక వట్టి పనులుగా చూచుట. మూడవది, తాను చేయుదానికి విలువ లేదని తోచుట. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనిని వ్యాధిగా గాక, సరిగా చక్కదిద్దని పనియొత్తిడి వలన కలుగు స్థితిగా వర్ణించెను. అనగా తప్పు ఉద్యోగి మనస్సునందు మాత్రమే వెదకవలసినది కాదు. పని యెట్లు అమర్చబడినదో అందును వెదకవలెను.

ఈ మూటిలో రెండవ లక్షణము మిక్కిలి భయంకరమైనది. ఇసబెల్ మెంజీస్ అను పరిశోధకురాలు లండను నగరములోని ఒక బోధనాసుపత్రి నర్సులను పరిశీలించి 1960లో ఒక విషయము వెల్లడించెను. బాధను, మరణమును నిత్యము చూచుట ఓర్వలేనిది గనుక, ఆ యాసుపత్రి తెలిసియో తెలియకయో కొన్ని అడ్డుగోడలను కట్టుకొన్నది. రోగిని పేరుతో గాక మంచము సంఖ్యతోను, చెడిన అవయవముతోను పేర్కొనుచుండిరి. ఏ నర్సును ఒక రోగి వద్ద ఎక్కువసేపు నిలువకుండునట్లు పనిని ముక్కలుగా పంచిరి. దుఃఖము అంటకుండుటకే యిది యేర్పడినది. కాని దుఃఖము తగ్గలేదు. సేవవలన కలుగు తృప్తి మాత్రము తగ్గినది. శిక్షణలో నున్నవారు పలువురు పనిని విడిచిపోవుచుండిరి. మంచి గోడ గాలిని ఆపదలచి వెలుగునే ఆపివేసినది.

రాయి స్థితప్రజ్ఞుడు కాదు

ఒత్తిడిలో పడిన సేవకునకు సహజముగా తోచు దారులు రెండు. మొదటిది కోపము. చేతిలోని పనిముట్టే అపుడు ఆయుధమగును. మాటతో పనిచేయువాడు మాటతోను, కలముతో పనిచేయువాడు కలముతోను కొట్టును. నాలుగుసార్లు తిరిగి వచ్చిన వృద్ధునితో తల యెత్తకయే ‘రేపు రండి’ యనినచో, ఆ రెండు పదములును గునపములే.

రెండవ దారి కఠినత్వము. ఏమియు పట్టించుకొనకుండుట, ఎవరేడ్చినను వినబడనట్లుండుట. కోపిని లోకము తప్పుపట్టును గాని ఇట్టివానిని తప్పుపట్టదు. పైగా ఓర్పు గలవాడని మెచ్చుకొనును. కొందరు దీనికి గీతనే సాక్ష్యముగా తెత్తురు. సుఖదుఃఖములు సమమని భగవానుడు చెప్పలేదా యందురు.

భగవానుడు చెప్పిన క్రమమును చూడవలెను. పండ్రెండవ అధ్యాయమున తనకు ప్రియుడైన భక్తుని లక్షణములను చెప్పునపుడు మొదట చెప్పినది ఏ ప్రాణియందును ద్వేషము లేకుండుట. వెంటనే మైత్రి, కరుణ. పిదప మమకారమును అహంకారమును లేకుండుట. ఆ తరువాతనే సుఖదుఃఖములందు సమత్వము, క్షమ. కరుణను విడిచి సమత్వమును పట్టుకొనుమని ఆయన చెప్పలేదు. కరుణకును సమత్వమునకును నడుమ ఒక మెట్టు కలదు. ‘నేను’, ‘నాది’ అనువానిని విడుచుటయే ఆ మెట్టు. ఆ మెట్టు ఎక్కనివాని కరుణ వానినే కాల్చివేయును. కరుణను ఆ మెట్టువద్దనే దించి వచ్చినవాని సమత్వము రాయియగును. స్థితప్రజ్ఞునకు దుఃఖము తెలియును, రాతికి తెలియదు. వెలుపలినుండి చూచిన ఇద్దరును కదలనివారివలెనే కనబడుదురు. రోగి మాత్రము ఆ భేదమును నర్సు చేతి స్పర్శలోనే కనిపెట్టును.

మూడు త్యాగములు

ఆ నడిమి మెట్టును ఎక్కుట యెట్లు? భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున పదునెనిమిదవ అధ్యాయమును వివరించుచు, త్యాగమనగా పనిని మానుట కాదనియు, పని చేయుచునే విడువవలసినవి మూడు కలవనియు తెలిపిరి. అవి ఫలము, మమత, కర్తృత్వము.

ఫలమును విడుచుట యనగా ఏమైనను సరేయని యుండుట కాదు. రోగి బ్రతుకవలెనని నర్సు కోరుకొనవచ్చును, కోరుకొనవలెను కూడ. కాని బ్రతికించుట ఆమె చేతిలో లేదు; వేళకు మందీయుట ఆమె చేతిలో కలదు. చేతిలో నున్నదానికి నూరుపాళ్లు బాధ్యురాలై, చేతిలో లేనిదానిని స్వామికి విడుచుట ఫలత్యాగము.

మమతను విడుచుట ఇంకను సూక్ష్మమైనది. ‘ఇది నా పని’ యను మాటలో బాధ్యత కలదు, యాజమాన్యమును దాగియున్నది. బాధ్యత పనిని చేయించును. యాజమాన్యము సాయమును త్రోసివేయును. ఇచటనే అనంతాళ్వారి కథ తన రహస్యమును విప్పును. బాలుడు పనిని చెడగొట్టలేదు, దొంగిలింపలేదు. తట్టను మోసినాడు, అంతే. మట్టి త్వరగా తొలగినందుకు సంతోషింపవలసినచోట కోపము కలిగినది. ఏల? ఆ కైంకర్యము తనదే కావలెనను పట్టుదల అచట నిలిచియుండెను. అది ఆచార్యభక్తినుండి పుట్టినదే. కావుననే మిక్కిలి కనిపెట్టరానిదైనది. చెడ్డ మమకారము సులభముగా పట్టుబడును; మంచిపనిపైని మమకారము పుణ్యమువలె కనబడును. పెద్దల దోషములను ఎంచుట యిందు ఉద్దేశము కాదు. పెద్దలే ఆ గునపమును దాచిపెట్టక, అందరును చూచుచోట వ్రేలాడదీసిరి.

మూడవది కర్తృత్వత్యాగము. ఏ కార్యమునకైనను అయిదు కారణములు కలవని గీత చెప్పును: దేహము, కర్తయగు జీవుడు, ఇంద్రియములు, పలువిధములైన చేష్టలు, అయిదవది దైవము. ఆ దైవమనగా అంతర్యామియైన పరమాత్మయే యని రామానుజులు వివరించిరి. అయిదింటిలో ఒకటియైన తానే సర్వమును అనుకొనువాడు సరిగా చూచుట లేదు. ఈ మాటను సాధారణముగా గర్వమును అణచుటకు వాడుదురు. కాని అపరాధభావమును అణచుటకును ఇదే మందు. ‘అంతయు నా వలననే జరిగినది’ అనుట గర్వమైనచో, ‘అంతయు నా వలననే చెడినది’ అనుటయు అదే గర్వముయొక్క రెండవ ముఖము. ప్రజాసేవలోని మంచివారు మొదటిదానికంటె రెండవదానివలననే ఎక్కువగా కాలిపోవుదురు.

ఒక రాత్రిని ఊహింపవచ్చును. తెల్లవారుజామున ఆసుపత్రి వార్డులో ఒక వృద్ధుడు కన్నుమూసెను. కొడుకు దుఃఖమున నర్సును నిందించుచున్నాడు. అదే గడియలో నాలుగు మంచముల అవతల ఒక పసిబిడ్డకు సూదిమందు వేళయైనది. ఆమె ఏమి చేయవలెను? కొడుకుపై కోపముతో పోయినచో ఆ కోపము బిడ్డపై పడును. రాయియై పోయినచో బిడ్డకు మందు చేరును గాని ఓదార్పు చేరదు. ‘నావలననే పోయినాడేమో’ యని కుములుచు పోయినచో చేయి వణకును. నాల్గవ విధము కలదు. ఆమె ఆ కొడుకు మాటను ఎదురాడక ఒక్క నిమిషము వినును. వృద్ధుని దేహముపై దుప్పటిని సరిచేసి, మనస్సులో ఆయనను నారాయణునకు అప్పగించును. చేతులు కడుగుకొనును. బిడ్డ వద్దకు పోవును. ఆ చేతులు కడుగుకొనుట సూక్ష్మక్రిములను పోగొట్టుటకే కాదు. ఒక కార్యమును అర్పించి మరియొకదానిని ఆరంభించుటకును గుర్తు. వైష్ణవ గృహములందు ప్రతికర్మ ఆరంభమునను అంతమునను సాత్త్వికత్యాగము చెప్పుకొనుట యిందుకొరకే. చేయించువాడు స్వామి, కర్మయు స్వామిదే, ప్రీతియు స్వామిదే యని తలచుటకు ఒక్క శ్వాస చాలును. అది బస్సు ఆగిన రెండు నిమిషములలోను, ఒక కాగితమునకును మరియొక కాగితమునకును నడుమను సాధ్యమే.

దీనితో దుఃఖము మాయమగునని కాదు. సహోద్యోగితో కూర్చుండి మాట్లాడుట, వేళకు తినుట, నిద్రించుట, డ్యూటీ మారునపుడు పనిని నిండుమనస్సుతో తరువాతివారికి అప్పగించుట — ఇవియు కర్తృత్వత్యాగములోని భాగములే. తాను లేనిచో లోకము ఆగిపోదని ఒప్పుకొనుటయే నిద్ర. అయినను భారము దిగనిచో వైద్యుని ఆశ్రయించుటలో చిన్నతనము లేదు. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ అను సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేసి మనోవేదనను చెప్పుకొనవచ్చును. సాయమును త్రోసివేయరాదని గునపము కథ చెప్పుచునే యున్నది గదా.

యజమానుని ధర్మము

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును, రావలెను కూడ. ఇద్దరు చేయవలసిన పనిని ఒకరిచే చేయించి, అలసిపోయినవారికి నిష్కామకర్మను ఉపదేశించుట న్యాయమా? కాదు. గీత తనకు తాను చెప్పుకొనవలసినది. ఎదుటివాని వీపుపై బరువు పెంచుటకు వాడవలసినది కాదు. రాబర్ట్ కారసెక్ అను పరిశోధకుడు అమెరికా, స్వీడన్ దేశముల కార్మికుల వివరములను పరిశీలించి 1979లో ఒక సత్యమును ప్రకటించెను. పని బరువు ఎక్కువగా నుండుట ఒక్కటియే మనుష్యుని క్రుంగదీయదు. బరువు ఎక్కువయై, ఆ పనిని ఎట్లు చేయవలెనో నిర్ణయించు స్వేచ్ఛ తక్కువయైనపుడు మిక్కిలి క్రుంగును. ఈ మాట అధికారులు గుర్తుంచుకొనదగినది. సెలవు ఈయగల చోట సెలవును, మనుష్యులను ఈయగల చోట మనుష్యులను, కనీసము కూర్చుండుటకు ఒక బల్లయు త్రాగుటకు నీరును ఈయక, ఓర్పును మాత్రము బోధించువాడు ధర్మమును చెప్పుట లేదు.

కథలో స్వామి ఏమి చేసెను? అలసిన సేవకులకు ఉపదేశము పంపలేదు. తానే వచ్చి తట్ట మోసెను. అదియు త్రవ్వువాని కంటె ముందు, ఆయన వెనుక నలుగుచున్న గర్భవతి చేతి తట్టను. ఉద్యోగి అలసట ఇంట నున్నవారిపై ఎట్లు పడునో యజమానుడు చూడవలెనని దీని భావము. దెబ్బ తగిలిన పిదపయు ఆయన ఆ సేవకుని వెడలగొట్టలేదు. కర్పూరము అద్దు అవకాశమును ఇచ్చెను. తప్పును దాచుటయు కాదు, తప్పు చేసినవానిని త్రోసివేయుటయు కాదు. గునపము గోడపై నిలిచినది. అనంతాళ్వారి తోట కొండపై నిలిచినది. ఈ రెంటిని కలిపి చూచినవారికే కథ పూర్తియగును.

వరుసలో నిలిచినవారి ధర్మము

సేవను పొందువారికిని ధర్మము కలదు. 2020 మార్చి 22వ తేదీ సాయంకాలము అయిదు గంటలకు దేశమంతట జనులు వాకిళ్లలోను మేడలపైనను నిలిచి, చప్పట్లు చరచి, పళ్లెములు మ్రోగించి, మహమ్మారితో పోరాడు వైద్యసిబ్బందికి కృతజ్ఞత తెలిపిరి. సరిగా నెల తిరుగునప్పటికి, ఏప్రిల్ 22న, ఆ సిబ్బందిపై దాడి చేయువారిని శిక్షించుటకు 1897 నాటి అంటువ్యాధుల చట్టమును సవరించుచు ఆర్డినెన్సు తేవలసి వచ్చెను. దాడికి 3 నెలలనుండి 5 సంవత్సరముల వరకు, తీవ్రమైన గాయము కలిగించినచో 6 నెలలనుండి 7 సంవత్సరముల వరకు ఖైదు విధించునట్లు అందు కలదు. చప్పట్లు చరచిన దేశమే ఆ రాతిదెబ్బలను కూడ చూచినది. దూరముగా నున్న సేవకుని పొగడుట సులభము; ఎదుట నిలిచి ‘లేదు’ అని చెప్పవలసి వచ్చిన సేవకుని ఓర్చుకొనుట కష్టము. కృతజ్ఞతకు పరీక్ష ఆ రెండవచోటనే.

అనంతాళ్వారు గునపము విసరినపుడు ఎదుట నున్నది సామాన్యుడైన బాలుడే యని తలచెను. సేవకుడు ఎదుట నున్నవానిని గుర్తింపకపోవుట ఎంత ప్రమాదమో, సేవను పొందువాడు సేవకుని గుర్తింపకపోవుటయు అంతే ప్రమాదము. స్వామి ఆ కథలో మట్టితట్ట నెత్తుకొన్న పనివాని రూపముననే వచ్చినాడని మరువరాదు. కొట్టబడినవాడు ఒక సహాయకుడు. నేడు కిటికీ వెనుకనున్న సహాయకునిపై మాటను విసరువాడు ఆ మాట ఎవరి గడ్డమునకు తగులునో తలచుకొనవలెను.

శ్రీవారి గర్భాలయపు గడపకు కులశేఖరపడి యని పేరు. స్వామి వాకిట మెట్టుగా పడియుండి, ఆయన దివ్యముఖమును చూచుచుండు భాగ్యమును కులశేఖరాళ్వారు కోరిరి. మెట్టు తొక్కబడును. అయినను దాని చూపు తొక్కిన పాదముపై లేదు. లోపలనున్న స్వామిపై కలదు. గుమ్మము వద్ద నిలిచి పనిచేయువారికి ఇంతకంటె ఊరట లేదు. ఇంటింట తెలుగు స్త్రీలు గడపకు పసుపు పూసి బొట్టుపెట్టుదురు. తొక్కబడునది గనుకనే దానికి మర్యాద. తొక్కువారికి ఇంతకంటె పాఠమును లేదు.

దర్శనము ముగించుకొని, ప్రసాదమును మూటగట్టుకొని ఊరికి మరలు భక్తునకు బస్సులో ఒక కండక్టరు ఎదురగును. తెల్లవారినది మొదలు నిలిచియున్న మనిషి. ఆ భక్తుడు చిల్లర సిద్ధముగా నుంచుకొని, టికెట్టు అందుకొనునపుడు ఆ ముఖమును ఒక్కమారు చూచి, మంచినీరు కావలెనా యని యడుగవచ్చును. స్వామి గడ్డమున కర్పూరము అద్దు భాగ్యము అర్చకులకు కలదు. ఈ భాగ్యము అందరికిని కలదు.